సారు పట్టుకున్న 50 హెర్ట్జ్

మన పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదైనా రాసివ్వమని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. "బ్యాండు గురించి రాయి, అది నువ్వే రాయాలి" అన్నారు. బ్యాండు గురించి రాయాలంటే ముందు ఫిజిక్స్ సారు గురించి రాయాలి. నీలం గొడుగు కేసు, మూడో పీరియడ్‌లో మాయమైన డస్టరు, లాంతరుగాడు ల్యాబ్ రికార్డులో గీసిన బొమ్మ... ఇవన్నీ ఎవరో ఒకరు రాస్తారు. మన క్లాసు దొర రాయకుండా ఊరుకోడు.

యానివర్సరీకి ముందురోజు రిహార్సల్ గుర్తుందిగా? ఉరుము డ్రమ్స్ బిగించుకున్నాడు, లాంతరు కీబోర్డు సర్దుకున్నాడు, నేను అడిగి తెచ్చుకున్న బాస్ గిటార్ మెడలో వేసుకున్నాను. స్విచ్ వేయగానే స్పీకర్లలోంచి గుయ్‌మని హమ్మింగ్. వాల్యూమ్ తగ్గిస్తే పాట వినపడదు, పెంచితే హమ్మింగే పాటైపోతోంది. మైక్ సెట్ అబ్బాయి వైర్లన్నీ ఊపి చూశాడు, జాక్‌లు తీసి తుడిచి పెట్టాడు. ఏం చేసినా తగ్గలేదు. చివరికి "ఎర్త్ పిన్ పీకేస్తే పోతుంది" అంటూ కటింగ్ ప్లేయర్ అందుకున్నాడు. అప్పుడే సారు లోపలికి వచ్చారు.

"ఆ పిన్ను జోలికి వెళ్లకు నాయనా. మోతతో పాటు మనిషీ పోతాడు" అన్నారు. తర్వాత మా అందర్నీ స్టేజీ దిగి దూరంగా నిలబడమన్నారు. "ఎవరూ ఏదీ ముట్టుకోకండి. ముందు వినండి."

విన్నాం. ఆయన ఒక్కో వైరూ తీసి, ఆగి, మళ్లీ పెట్టారు. మైకులు తీశారు, మోత అలాగే ఉంది. కీబోర్డు తీశారు, అలాగే ఉంది. నా బాస్ ఆంప్ నుంచి హాలు వెనక ఉన్న మిక్సర్‌కి (అన్ని శబ్దాలూ కలిపి స్పీకర్లకి పంపే పెట్టె) వెళ్లే కేబుల్ తీయగానే హాలంతా నిశ్శబ్దం. ఆంప్ స్టేజీ పక్క బోర్డులో ఉంది, మిక్సర్ వెనక గోడ బోర్డులో ఉంది. రెండింటికీ వేర్వేరు దారుల్లో ఎర్త్, మధ్యలో మా కేబుల్ షీల్డు, అంటే లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు. అంతా కలిసి ఒక పెద్ద వలయం అయిపోయింది. ఆ వలయంలో పారే కొద్దిపాటి కరెంటే స్పీకర్లలో గుయ్‌మంటోంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెప్పించి రెండింటినీ ఒకే బోర్డుకి కలిపించారు. హమ్మింగ్ పోయింది. యానివర్సరీ ఎలా జరిగిందో మీకు తెలుసు, అది రాయను.

నాకు అంతకంటే ముఖ్యమైంది ఆ తర్వాత ల్యాబులో జరిగింది. సారు సోనోమీటర్ (తీగ బిగించి దాని కంపనాలు కొలిచే చెక్కపెట్టె) తీసి, దాని మీద ఇత్తడి తీగ బిగించి, బరువులు వేలాడదీశారు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీగలోకి ఏసీ కరెంటు పంపి, తీగ మధ్యన గుర్రపు నాడా అయస్కాంతం పెట్టారు. కింద రెండు మెట్లనీ మెల్లగా జరుపుతూ పోయారు. ఒకచోట తీగ ఉన్నట్టుండి ఉబ్బింది, ఒక్క తీగలా కాకుండా పలచటి పొరలా కనపడింది. దాని మీద పెట్టిన కాగితం ముక్క ఎగిరి కింద పడింది. "చెవి పెట్టి వినండి" అన్నారు. పెట్టె మీద చెవి ఆనించిన ఉరుము తల ఎత్తకుండానే అరిచాడు: "ఒరేయ్, స్పీకర్లో మోత ఇదేరా!"

అదే. తీగ పొడవు, బరువు, తీగ మందం వేసి లెక్క కడితే 50కి దగ్గరగా వచ్చింది. గోడలోంచి వచ్చే కరెంటు పౌనఃపున్యం అది. పుస్తకంలో ఉన్న అనునాదం, స్టేజీ మీద మమ్మల్ని ఏడిపించిన మోత, నా చేతిలోని తీగ, మూడూ ఒకటేనని ఆ పూట అర్థమైంది. నేను ఏం చదవాలో, ఏం చేయాలో అక్కడే తేలిపోయింది.

రెండో సంవత్సరం గురించి నాకు చెప్పాలనిపించేది ఏమీ లేదు. ఆ తర్వాత చదువు, ఉద్యోగం వేటా అందరికీ ఉన్నవే.

ఇప్పుడు పగలంతా ఆడియో సాఫ్ట్‌వేర్ రాస్తాను. నా పనల్లా ఆలస్యం తగ్గించడం. తీగ మీటినప్పటి నుంచి హెడ్‌ఫోన్‌లో వినపడేదాకా పట్టే సమయాన్ని మిల్లీసెకన్లలో కోసుకుంటూ పోవాలి. సెకనుకి 48,000 శాంపిళ్లు (శబ్దం కొలతలు) తీసుకుంటూ ఒక్కోసారి 128 చొప్పున పంపిస్తే, ఆ బఫర్ (పంపే ముందు పోగుచేసే మూట) ఒక్కటే 2.7 మిల్లీసెకన్లు తింటుంది. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. కొత్తగా చేరినవాళ్లు అంకెలు చూసి కంగారు పడతారు. గాలిలో శబ్దం మీటరు దూరం పోవడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుందని, డ్రమ్స్‌కి అయిదు మీటర్ల దూరంలో నిలబడితే ఇంచుమించు 15 వస్తుందని వాళ్లకి చెప్తాను. కానీ హెడ్‌ఫోన్‌లో పాడుకునే గాయకుడికి సొంత గొంతు ఆ మాత్రం ఆలస్యంగా వినిపించినా ఇబ్బందిగా ఉంటుంది. అందుకే ఆ పని అంటే నాకు అంత పట్టింపు.

సాయంత్రాలు బ్యాండు. అవును, ఉరుముతోనే. వాడి చేతి దెబ్బ ఇంకా అలాగే ఉంది, టెంపో మాత్రం మారింది: ఇప్పుడు క్లిక్ ట్రాక్ (చెవిలో తాళం చెప్పే టిక్ టిక్) లేకుండా కూర్చోడు. పాటకి పాటకి మధ్య సౌండ్లు మార్చుకోవడానికి కాలితో తొక్కే స్విచ్ బోర్డు నేనే చేశాను. చిన్న మైక్రోకంట్రోలర్, నాలుగు స్విచ్‌లు, ఒక మిడీ సాకెట్. మిడీ అంటే వాయిద్యాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకోవడానికి 1983లో వచ్చిన పద్ధతి, సెకనుకి 31,250 బిట్లే పంపుతుంది. అయినా అప్పటి కీబోర్డు, నిన్న కొన్న కీబోర్డు ఈనాటికీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మా రంగంలో ఇన్నేళ్లు నిలబడినవి చాలా తక్కువ. మొదటి బోర్డు సోల్డరింగ్ చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం. దాన్ని చూసి ఇంకో రెండు బ్యాండ్ల వాళ్లు చేయించుకున్నారు. ఈమధ్య ఒక ప్రోగ్రాంలో ఆ బోర్డు వేరేవాళ్ల కాళ్ల కింద కనపడితే పాట వినడం మానేసి దాన్నే చూస్తూ నిలబడ్డాను.

సౌండ్‌చెక్‌లో నాకో అలవాటుంది, మా వాళ్లకి కారణం తెలియదు, మీకు చెప్తాను. ఎక్కడైనా హమ్మింగ్ వినపడితే బాస్‌లో లావు తీగ మూడో మెట్టు మీద వేలు పెట్టి గట్టిగా మీటుతాను. ఆ స్వరం 49 హెర్ట్జ్. మోత 50 అయితే రెండూ కలిసి సెకనుకి ఒకసారి పెరిగి తగ్గుతాయి. సారు బోర్డు మీద రాయించిన విస్పందనాలే. ఆ ఊపు తెలిస్తే సమస్య కరెంటు వైపుదని అర్థం, ఇక మైకులు, జాక్‌లు విప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు. నేరుగా ఎర్త్ దారులు వెతుకుతాను. ఒకే బోర్డు నుంచి కనెక్షన్ కుదరకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాయిద్యానికీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె) పెట్టి, దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేస్తే వలయం తెగిపోతుంది. పిన్నులు మాత్రం పీకను, పీకనివ్వను. మా ఇంజనీరు కుర్రాళ్లకి నేర్పిన మొదటి నియమం కూడా అదే.

సారు రిటైరయ్యాక ఒకసారి కలిశాను. స్విచ్ బోర్డు చూపించాను. తిరగేసి, వెనక సోల్డరింగ్ చుక్కలు ఒక్కొక్కటీ కళ్లద్దాల దగ్గరకి పెట్టుకుని చూశారు. "ఈ మూలది చల్లారకముందే కదిలింది, మళ్లీ వేడి చెయ్యి" అన్నారు. ఇంకేమీ అనలేదు. చాలాసేపు ఒళ్లోనే పెట్టుకున్నారు.

సమ్మేళనం రోజు మనం వాయిస్తున్నామని కమిటీ చెప్పింది. వైరింగ్ నాకు వదిలేయండి. డీఐ బాక్సులు, కేబుళ్లు, బోర్డు నేను తెస్తాను. లాంతరూ, నీ కీబోర్డు అడాప్టర్ నువ్వే తెచ్చుకో. సారుకి ముందు వరుసలో కాకుండా మిక్సర్ పక్కన కుర్చీ వేయమని కమిటీకి ఇప్పటికే చెప్పాను.