మ్యూనిక్‌లో మూడు నెలలు

నాది బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకి జర్మనీ ఇచ్చే పర్మిట్) కాబట్టి మా ఆవిడ వీసాకి జర్మన్ పరీక్ష అడగలేదు. వచ్చాక ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. కాగితం మీద అంతా బాగానే ఉంది, ఇల్లే దొరకలేదు! ఓనర్లు ఇక్కడి జీతం స్లిప్పులు అడుగుతారు. ఇల్లు లేకపోతే అడ్రస్ నమోదు కాదు, అది లేకపోతే టాక్స్ నంబర్ రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. మొన్ననే కుదిరింది లెండి, నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు.

జర్మన్ భాషలో బీ1 (మధ్య స్థాయి) పాసైతే 21 నెలల్లో, ఏ1 (మొదటి మెట్టు)తో అయితే 27 నెలల్లో పర్మనెంట్ రెసిడెన్సీ. నేనింకా ‘డెర్, డీ, డాస్’ (నామవాచకాల ముందు పెట్టే ఆర్టికల్స్) దగ్గరే ఉన్నాను. మా పాప మాత్రం పార్కులో నేర్చుకొచ్చి నన్ను దిద్దుతోంది.

ఆదివారం షాపులు మూసేస్తారని మర్చిపోయాను. వీడియో కాల్‌లో అమ్మ “ఏం తిన్నార్రా?” అంది. బ్రెడ్డు పక్కకి జరిపి, పప్పన్నం అన్నాను.