వెయ్యి వాట్ల మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్: మన కరెంటు మీద పరీక్ష

ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె. దాని డబ్బా మీద 80 ప్లస్ గోల్డ్ ముద్ర చూసి చాలామంది నిశ్చింతగ ఉంటరు. ఆ ముద్ర కరెంటు ఎంత వృథా పోతదో చెప్తది. 12 వోల్టుల లైను ఎంత నిలకడగ ఉంటదో చెప్పదు.

మొదలు ఇంటి లైను చూడాలె. నిండు లోడు మీద ఎఫిషియెన్సీ (గుంజిన కరెంటుల పనికొచ్చే వంతు) 89 శాతమనుకుంటే, వెయ్యి వాట్ల కోసం సాకెట్ నుంచి దాదాపు 1,120 వాట్లు గుంజుతది. 230 వోల్టుల దగ్గర అది 4.9 ఆంపియర్లు. యాసంగిల ఊరి బోర్లన్నీ ఒక్కసారి నడిచి వోల్టేజీ 170కి పడితే 6.6 ఆంపియర్లు. యాక్టివ్ పీఎఫ్‌సీ (గుంజే కరెంటు తీరును సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్ ఆగకుండ నడుస్తనే ఉంటది, వేడెక్కేది 6 ఆంపియర్ల సాకెట్. దీనికి 16 ఆంపియర్ల పాయింటే పెట్టాలె.

కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే ఎస్‌ఎంపీఎస్‌ను వాపసు ఇయ్యకండి. అర్తింగు లేనప్పుడు లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల లీకేజీ అట్ల బయటికొస్తది. సాకెట్‌ల న్యూట్రల్‌కు, అర్తింగుకు నడుమ 2, 3 వోల్టులు దాటొద్దు. నల్లగొండ రాతినేల ఎండాకాలం పూర్తిగ ఆరిపోతది, ఎర్త్ గుంతల నీళ్లు పోస్తుండాలె.

మదర్‌బోర్డుకు పోయే 24 పిన్నుల కనెక్టరుల 16, 17 పిన్నులు వైరు ముక్కతో కలిపి ఫ్యాన్ తిప్పి చూసే పరీక్షతో తెలిసేది తక్కువ. అసలు పరీక్ష లోడు మీద. సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు రెండింటికీ ఒకేసారి నిండు పని పెట్టి అరగంట నడపండి. కనెక్టరు వెనుక నుంచి 10 లేదా 11వ పిన్ను దగ్గర మల్టీమీటరు ఎర్ర మొన, గ్రౌండు పిన్నుకు నల్ల మొన పెట్టాలె. మొన జారి పక్క పిన్నుకు తగిలితే షార్టే, చెయ్యి పదిలం. అంకె 11.4 నుంచి 12.6 వోల్టుల లోపల ఉండాలె. మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్ చూపే అంకెను నమ్మొద్దు. రిపుల్ (12 వోల్టుల లైనుల మిగిలే సన్నటి వోల్టేజీ ఊగులాట) 120 మిల్లీవోల్టులు దాటొద్దు, కాని దాన్ని చూసేందుకు ఆసిల్లోస్కోప్ కావాలె, మల్టీమీటరుకు చిక్కదు.

ఎక్కువ నష్టం కేబుళ్ల దగ్గరే. మాడ్యులర్ కేబుల్ (పెట్టె నుంచి విప్పి బిగించుకునేది) ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకు ఏ ప్రమాణమూ లేదు. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్ కొత్తదాంట్ల సరిగ్గ కూర్చుంటది, 5 వోల్టులు రావలసిన తావుల 12 వోల్టులొచ్చి హార్డ్ డిస్కులు కాలుతయి. కొత్తది బిగిస్తే పాత కేబుళ్లన్నీ తీసెయ్యాలె. గ్రాఫిక్స్ కార్డు 16 పిన్నుల ప్లగ్గు సందు కనిపించకుండ పూర్తిగ దిగాలె. కనెక్టరు నుంచి 35 మిల్లీమీటర్ల దాకా వైరు వంచొద్దు. సగం దిగిన ప్లగ్గు వేడికి కరుగుతది.

ఇంటి ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌దైతే (కరెంటు అలను మెట్లు మెట్లుగ ఇచ్చేది), కరెంటు పోయిన క్షణంలనే యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్ ఆగిపోవచ్చు. దీనికి లైను కరెంటు లెక్క నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే పెట్టాలె.