మంచు గోళం కబురు

"సౌండ్ తగ్గించు మావయ్యా" అన్నా వినలేదు. బరంపురం పాత బస్టాండ్ దగ్గర టీకొట్టు, టీవీలో తెలుగు చర్చ, నలుగురు పార్టీల అధికార ప్రతినిధులు ఒకేసారి అరుపులు. పార్టీ అధ్యక్షుడన్నవాడు ఒక్కడూ లేడు.

2024 మేలో ఇద్దరు మాజీ న్యాయమూర్తులు, సీనియర్ జర్నలిస్టు ఎన్. రామ్ కలిసి మోదీనీ రాహుల్‌నీ ఒకే వేదిక మీదకి రమ్మని లేఖ రాశారు, రాహుల్ సరేనన్నారు, చర్చ మాత్రం జరగలేదు. మాకు మే 13న పోలింగే అయిపోయింది!

2019లో బ్రిటన్‌లో చానల్ 4 టీవీ పెట్టిన వాతావరణ మార్పుల మీద పార్టీ నాయకుల చర్చకి అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ రాకపోతే ఆయన చోట మంచుతో చేసిన భూగోళం పెట్టారని, లైట్ల కింద అది కారుతూనే ఉందని చెప్పాను.

మావయ్య టీ వడకట్టడం ఆపి, "మనకాడ పెడితే రెండు నిమిషాలుంటాదేటి, ఈ ఎండకి?" అన్నాడు.

పక్కాయన రిమోట్ లాక్కుని క్రికెట్ పెట్టేశాడు.