సాయంత్రం పూట వచ్చే జ్వరం

నాకు వచ్చిన జబ్బు పేరు బ్రూసెల్లోసిస్. పశువైద్యుడిగా నా నోట రోజూ నలిగే పేరే. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో గేదె ఈసుకుపోతే, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోతే, మాకు ముందు అనుమానం వచ్చేది దాని మీదే. మనిషికి వస్తే ఎలా ఉంటుందో మాత్రం కాలేజీలో చదువుకున్నదే తప్ప దగ్గర్నుంచి చూడలేదు.

మాది ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మ వాగుకు దగ్గర్లో ఓ చిన్న ఊరు. చాలా ఏళ్లుగా ఇక్కడే పశువుల డాక్టరుని. ఒంగోలు గిత్తలతో మా ప్రాంతానికి పేరొచ్చింది గానీ, ఇప్పుడు ఏ ఇంటి ముందు చూసినా కట్టేసి ఉండేవి ముర్రా గేదెలే. ఇక్కడ సగం ఇళ్లలో పిల్లల ఫీజులు, పెద్దవాళ్ల మందులు ఆ పాల డబ్బుతోనే గడుస్తాయి. అందుకే రాత్రి ఏ వేళ ఫోన్ వచ్చినా వెళ్తాను. మా ఆవిడకూ అది అలవాటైపోయింది. నేను బండి తీసేలోపు టార్చిలైటు, సబ్బు, తువ్వాలు సంచిలో పెట్టి ఇస్తుంది.

మొదట్లో అది జబ్బులా కనిపించలేదు. పొద్దున లేస్తే బాగానే ఉండేది. ఆసుపత్రికి వెళ్లేవాణ్ణి, ఓపీ చూసేవాణ్ణి. మధ్యాహ్నం దాటాక ఒళ్లు బరువెక్కేది. దీపాలు పెట్టే వేళకు సన్నగా చలి, వెనకే జ్వరం. అర్ధరాత్రి చెమటలు పట్టి బనియను, దుప్పటి, తలగడ గలీబు అన్నీ తడిసిపోయేవి. ఆ చెమటలో ఏదో తడిసిన గడ్డి వాసన వస్తోందని మా ఆవిడే ముందు కనిపెట్టింది. తర్వాత వైద్య పుస్తకం తీసి చూస్తే ఈ జబ్బు లక్షణాల్లో సరిగ్గా అదే రాసి ఉంది. కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది. అలా పోతూ వస్తూ ఉంటుంది కాబట్టే దీన్ని పాతకాలంలో అలల జ్వరం అనేవారు. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఈ క్రిమిని గుర్తించాడు. ఆయన పేరే జబ్బుకు వచ్చింది.

విడాల్ పరీక్షలో టైఫాయిడ్ అన్నారు. కోర్సు మొత్తం వాడాను. బరువు తగ్గుతున్నాను, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయి కాబట్టి టీబీ ఏమోనని ఇంకొకరు ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించారు. ఈలోగా నడుము కింద, కుడివైపు, పక్క మీద ఒత్తిగిల్లనివ్వని నొప్పి మొదలైంది. బైకు మీద తిరిగే ఉద్యోగం కదా, డిస్కు అయ్యుంటుందన్నారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు, ఈ జబ్బు నిజంగానే అన్ని జబ్బుల్లా కనిపిస్తుంది. అయితే ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ నన్ను వదలదు. చీటీ మీద పేరు ముందు ‘డా.’ అని ఉండడంతో, ఏ డాక్టరని ఎవరూ అడగలేదు.

అడిగింది గుంటూరులో ఒక ఫిజీషియన్. ఫైలు పక్కన పెట్టి, "మీరు దేనికి డాక్టరండీ?" అన్నారు. చెప్పాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, "ఈమధ్య ఈసుకుపోయిన గొడ్డుకు చేశారా?" అని అడిగారు.

చేశాను. వానపడుతున్న రాత్రి, కొట్టంలో కరెంటు లేదు. ఏడో నెల గేదె, లోపల దూడ చచ్చి అడ్డం తిరిగి ఉంది. భుజం దాకా వేసుకునే ప్లాస్టిక్ గ్లోవు తొడుక్కుని చెయ్యి పెట్టాను. దూడ కాలు సరిచేస్తుండగా గేదె ముక్కింది, గ్లోవు మణికట్టు దగ్గర చిరిగింది. లోపలి నీరంతా నా చేతి మీదుగా కారి, కొంత మొహాన చిమ్మింది. అప్పుడు చెయ్యి బయటికి తీస్తే గేదె దక్కదు. దూడను లాగాక ఆ ఇంటి ఇల్లాలు టార్చి పక్కన పెట్టి, దూడ వెనక వేలాడుతున్న మాయను, అదే ఉమ్మపొరను, ఉత్త చేతుల్తో పట్టుకుని నాకు సాయం చేసింది. గేదె బతికింది. ఆవిడ కుంకుడు రసం, వేణ్ణీళ్లు ఇస్తే కడుక్కుని ఇంటికొచ్చాను.

అదంతా విని ఆయన రక్తం తీయించారు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపేటప్పుడు ల్యాబ్‌కు తనే ఫోన్ చేసి బ్రూసెల్లా అనుమానమని చెప్పారు. ఈ క్రిమి గాల్లో కలిసి ల్యాబ్ వాళ్లకు కూడా సోకుతుంది, ముందే చెప్పకపోతే వాళ్లకు ప్రమాదం. రోజ్ బెంగాల్ పరీక్ష కూడా రాశారు. గేదెలకు మేం చేసేదీ అదే. పలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క గులాబి రంగు మందు వేసి కలిపి నాలుగు నిమిషాలు ఆడించాలి. రవ్వలు రవ్వలుగా విరిగితే జబ్బున్నట్టు. రిపోర్టులో పాజిటివ్ అన్న మాట చదవగానే ఆ పలక కళ్ల ముందు కనపడింది. ఎన్ని గొడ్ల రక్తం అలా చూశానో నాకే తెలియదు. ఎంఆర్ఐలో నడుముకూ తుంటికీ మధ్య కీలు వాచి ఉందని తేలింది.

ఏ జబ్బో తెలిశాక సగం టెన్షన్ పోయింది. మామూలుగా ఆరు వారాలు మందులు వాడతారు, నాకు ఎముక దాకా పాకింది కాబట్టి మూడు నెలలు అన్నారు. డాక్సీసైక్లిన్ రెండు పూటలా, రిఫాంపిసిన్ పొద్దున్నే పరగడుపున. మొదట్లో కొన్నాళ్లు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు. రిఫాంపిసిన్‌కు మూత్రం నారింజ రంగులో వస్తుంది, తెలియకపోతే హడలిపోతాం. డాక్సీసైక్లిన్ పాలతో కలిపి వేసుకుంటే సరిగ్గా ఒంటికి పట్టదు. జ్వరంవాడని పలకరించడానికి వచ్చిన ప్రతి ఇంటివాళ్లూ తెచ్చింది మాత్రం పాలే. మా ఆవిడ అందరి దగ్గరా తీసుకుని, మాత్రకు ఎడం ఉండేలా వేళ చూసి ఇచ్చేది.

ఆమె డాక్టరును అడిగింది ఒక్కటే, పిల్లలకు అంటుకుంటుందా అని. మనిషి నుంచి మనిషికి రావడం చాలా అరుదు, అయినా పరీక్ష చేయించండి అన్నారాయన. ఆ రిపోర్టులు వచ్చేదాకా ఆమె సరిగా అన్నం తినలేదు. అందరికీ నెగెటివ్ వచ్చింది.

జ్వరం తొందరగానే లొంగింది. నడుము లొంగలేదు. దానికి మించి కష్టపెట్టింది మనసు. ఏ కారణం లేకుండా ఏడుపొచ్చేది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. అది కూడా ఈ జబ్బులో భాగమేనని డాక్టరు చెప్పకపోతే నాలో ఏదో విరిగిపోయిందనే అనుకునేవాణ్ణి. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది మా అమ్మాయి. ఇంటర్ చదువుతోంది. నా ఫోన్ తను పెట్టుకుని, రైతులు చెప్పింది రఫ్ నోట్సులో రాసి సాయంత్రం చదివి వినిపించేది. "నాన్నా, మూడో ఈత గేదె, రెండు రోజులుగా మేత ముట్టలేదంట, నెమరు లేదంట, పేడ గట్టిగా ఉందంట." నేను చెప్పింది మా కాంపౌండరుకు ఫోన్లో అప్పజెప్పేది. ‘ఎన్నో ఈత, ఈని ఎన్నాళ్లైంది’ అని అడగడం తనే నేర్చుకుంది. ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుని, "నాయనా, నువ్వు పడుకుంటే మా గొడ్లకు దిక్కెవరురా" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు కాస్త అన్నం తిన్నాను.

లేచి తిరగ్గలిగిన వెంటనే వెళ్లింది ఆ వానరాత్రి ఇంటికే. ఇల్లాలు పీట మీద కూర్చుని, గోడ పట్టుకుని లేచింది. "కీళ్లనొప్పులన్నా, సాయంత్రమైతే ఒళ్లు కాలతా ఉంది, నొప్పుల బిళ్లలు వేసుకుంటున్నా" అంది. పరీక్ష చేయిస్తే ఆవిడకూ అదే. మాయను ఉత్త చేతుల్తో పట్టుకున్నందుకు ఆ తల్లి అన్నాళ్లు పడింది. నాకు చదువుంది, గుంటూరు వెళ్లే స్తోమతుంది. కొట్టం ఊడ్చి, పేడ తీసి, పడిపోయిన దూడను ఎత్తిపోసే ఆడవాళ్లను ఎవరడుగుతారు?

అందుకే ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి చెబుతున్నాను. ఈసుకుపోయిన దూడనూ మాయనూ దిబ్బ మీద పారేయొద్దు, కుక్కలు ఊరంతా ఈడుస్తాయి. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ఆ గొడ్డును విడిగా కట్టాలి. పొదుగు దగ్గర పిండిన నురగపాలు పిల్లలకు బలమని పట్టొద్దు, పొంగేదాకా కాచే తాగాలి. నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి టీకా వేయించాలి. 2019లో మొదలైన జాతీయ పథకం కింద అది ఉచితం. మగ దూడలకూ చూడి పశువులకూ వేయకూడదు. అది బతికున్న క్రిమితో చేసిన టీకా, సూది మన చేతికి గుచ్చుకుంటే మనకే జబ్బు రావచ్చు. అందుకే మా సిబ్బందికి గ్లోవులు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయనివ్వడం లేదు.

ఇంకో పని కూడా పెట్టుకున్నాను. జ్వరం విడవడం లేదనో, నడుము పట్టేసిందనో రైతు ఎవరైనా పెద్దాసుపత్రికి బయలుదేరితే, ఒక చీటీ రాసి జేబులో పెడుతున్నాను. "ఈయన రోజూ పశువుల మధ్య పనిచేసే మనిషి. బ్రూసెల్లా పరీక్ష కూడా చూడగలరు." కింద నా సంతకం, ఫోన్ నంబరు. ఆ చీటీ చూసి ఒకరిద్దరు డాక్టర్లు ఫోన్ చేసి వివరాలు కూడా అడిగారు.

కోర్సు అయిపోయినా కొందరికి ఇది తిరగబెడుతుంది, ఎక్కువగా మొదటి ఏడాదిలోపే. అందుకని మధ్యమధ్యలో రక్తపరీక్షకు వెళ్తున్నాను. ఇంతవరకు బాగానే ఉంది. ఆ ఇల్లాలికి మాత్రలు ఇంకా నడుస్తున్నాయి. నడుము నొప్పి తగ్గిందట, ఆకలి వేస్తోందట. ఈసారి పరీక్షకు ఇద్దరం కలిసే గుంటూరు వెళ్తున్నాం.