నీళ్లు పోస్తేగానీ రాయి రంగు తెలీదు

మా నాయన కుప్పం దగ్గర నల్లరాయి క్వారీలో పని చేస్తాడు. దిమ్మ కోసి బయటికి తీసినప్పుడు దాని మీదంతా తెల్లటి దుమ్మే. కొనేవాళ్లు రాగానే నాయన బిందెతో నీళ్లు తెచ్చి పోస్తాడు. దుమ్ము కారిపోయి, నలుపు నిగనిగలాడుతుంది. బేరం అప్పుడు మొదలు.

నేను తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నా. అంగారకుడి మీది లావా రాళ్లు నా టాపిక్. నాకూ దుమ్ముతోనే గొడవ.

రాయి మీద పడిన ఎండలో కొంత రాయి మింగేస్తుంది, మిగతాది వెనక్కి పంపుతుంది. ఆ వెలుగును తరంగాల పొడవు ప్రకారం గ్రాఫ్ గీస్తే, మింగిన చోట గుంట పడుతుంది. ఆ పొడవును మైక్రాన్లలో కొలుస్తాం, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పైరాక్సీన్ ఖనిజానికి రెండు గుంటలు: 1 మైక్రాన్ దగ్గర ఒకటి, 2 మైక్రాన్ల దగ్గర ఒకటి. ఒలివిన్ అనే మరో ఖనిజానికి 1 దగ్గర వెడల్పాటి గుంట ఒక్కటే. 2006లో అంగారకుణ్ణి చేరిన మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ వ్యోమనౌక మీది క్రిజమ్ పరికరం ఈ వెలుగును 544 ముక్కలుగా విడదీసి కొలిచింది. బాగా దగ్గరగా తీసిన చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు 18 మీటర్లు. డేటా అంతా ఉచితమే. హాస్టల్ గదిలో కూర్చుని డౌన్‌లోడ్ చేసుకుంటా.

అంగారకుడి మీద కొండంటే ఒలింపస్ మాన్స్, దాదాపు 22 కిలోమీటర్ల ఎత్తు. మొదట దాన్నే చూద్దామనుకున్నా. కానీ అదంతా దుమ్ము, కింద ఏ రాయి ఉందో వెలుగులో తెలియదు. ఆ మాట చెబితే నాయన "అక్కడ నీళ్లు పోసేదెవరు పాపా?" అన్నాడు. గాలి, నాయనా. సిర్టిస్ మేజర్ అని పాత అగ్నిపర్వత ప్రాంతం ఉంది. 1659లోనే హైగెన్స్ టెలిస్కోపులో చూసి బొమ్మ గీసిన నల్ల మచ్చ అదే. అక్కడ గాలి దుమ్మును ఊడ్చేస్తుంటుంది కాబట్టి రాయి కనిపిస్తుంది.

మొదటి ఏడాది ఏ పిక్సెల్ చూసినా 2 మైక్రాన్ల దగ్గర గుంట. అంతా పైరాక్సీనే అనుకుని ఆ రాత్రే నాయనకు ఫోన్ చేశా. వారం తర్వాత దుమ్ము మైదానం డేటా తెరిస్తే అక్కడా అదే గుంట! గుండె జారిపోయింది. అది రాయిది కాదు, అంగారకుడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ది. గాలి జాడ తీసేయకుండానే గ్రాఫులు గీశాను. తీసే పద్ధతి నాకు భలే నచ్చింది. ఒలింపస్ మాన్స్ శిఖరం మీది కొలతను కొండ అడుగున తీసిన కొలతతో పోలిస్తే, తేడా అంతా ఆ రెండింటి మధ్య ఉన్న గాలిదే. దాన్ని మన చిత్రంలోంచి తీసేయాలి. అలా తీశాక నా చిత్రంలో సగం గుంటలు పోయాయి. మిగిలినవి మాత్రం గట్టిగా నిలిచాయి, 2.2 మైక్రాన్లు దాటి, కాల్షియం ఎక్కువున్న పైరాక్సీన్‌కు ఉండాల్సిన చోటే.

పోయిన సంక్రాంతికి క్వారీ నుంచి పిడికెడు ముక్క సంచిలో వేసుకొచ్చా. వ్యాపారంలో బ్లాక్ గ్రానైట్ అంటారు గానీ అది డోలరైట్. బసాల్ట్ లావా బయటికి పొంగకుండా భూమి లోపలి చీలికల్లోనే నిదానంగా చల్లారితే అయ్యే రాయి. ల్యాబ్‌లో పొడి చేసి కొలిస్తే రెండు గుంటలూ వచ్చాయి. సిర్టిస్ గీతనూ దీన్నీ ఒకే కాగితం మీద ప్రింట్ తీసి నాయనకిచ్చా. చాలాసేపు వేలితో రెండు గీతల మీదా రాస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు సిర్టిస్‌లోని నీలి పటేరా అనే అగ్నిబిలం డేటా చూస్తున్నా. సాయంత్రం ఫోన్ చేస్తే నాయన అన్నం తిన్నావా అని అడిగాక అడిగేది ఒకటే: "ఈరోజు దుమ్ము లేని చోటు దొరికిందా?"