స్పాయిలర్ చూసి పడిపోయా

కొందామనుకున్న సెకండ్‌హ్యాండ్ కారు బానెట్ మీద చెయ్యి పెట్టా. వెచ్చగా ఉంది! చల్లటి ఇంజిన్ ఎలా స్టార్టవుతుందో చూద్దామని పొద్దున్నే వెళ్తే, నాకంటే ముందే ఎవరో స్టార్ట్ చేసేశారు.

కారు మాత్రం అదిరింది. వెనక డిక్కీ మీద రెక్కలాంటి స్పాయిలర్, నల్లటి అల్లాయ్ వీల్స్... నిలబడి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంది. సెడాన్ అంటే ఇలా ఉండాలి అనుకున్నా.

మీటర్‌లో 38 వేల కిలోమీటర్లే. బ్రేక్ పెడల్ రబ్బరు మాత్రం ఎంతో ఎక్కువ తిరిగిన కారులా గీతలన్నీ అరిగి నున్నగా మెరుస్తోంది. టైర్ల మీద తయారీ అంకెలు చూశా: మూడింటికి 2319, అంటే 2019లో 23వ వారం. నాలుగోదానికి 0822. ఆ ఒక్కటే ఎందుకు మార్చారని అడిగితే, అమ్మే ఆయన సన్‌రూఫ్ తెరిచి చూపించాడు.

రేపు మెకానిక్‌తో వస్తా, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దన్నా. ఆ స్పాయిలర్ వైపు చూడకుండా బేరమాడాలి, అదే నా టెన్షన్.