సోడియం ఎలక్ట్రాన్‌ను ఎందుకు వదులుకుంటుంది? రసాయన బంధం నాకు అర్థమైన తీరు

పదో తరగతిలో రసాయన బంధం పాఠం నాకు పూర్తిగా అర్థమైందనే అనుకున్నాను. సోడియంలో ఎలక్ట్రాన్లు 2, 8, 1గా, క్లోరిన్‌లో 2, 8, 7గా అమరి ఉంటాయనీ, బాహ్య కక్ష్యలో ఎనిమిది ఉంటే జడవాయువుల స్థిరత్వం వస్తుంది కనుక సోడియం తన ఒక్క ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తే క్లోరిన్ పుచ్చుకుంటుందనీ, అలా ఉప్పు (సోడియం క్లోరైడ్) తయారవుతుందనీ రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ అవగాహనలోని లోపం ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో బయటపడింది.

అయనీకరణ శక్తుల పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక లెక్క ఎంతకీ కుదరలేదు. ఒక మోల్ (పరమాణువులను లెక్కించడానికి వాడే ఒక నిర్ణీత సంఖ్య) సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్‌ను లాగడానికి 496 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. వాటిని క్లోరిన్ పరమాణువులు తీసుకున్నప్పుడు వెలువడేది 349 మాత్రమే. ఇచ్చిపుచ్చుకోవడం ముగిసేసరికి 147 కిలోజౌళ్ల లోటు. సోడియం ఇష్టంగా ఇచ్చేస్తుందన్న మాట నిజమైతే ఈ లోటు ఎలా వచ్చింది? రెండు రోజులపాటు పుస్తకంలో అచ్చుతప్పు పడిందనుకున్నాను.

మా లెక్చరర్ గారిని అడిగితే, "కల్లుప్పు రాయి ఒకటి పగలగొట్టి చూడు బాబూ, అందులో ఒక సోడియం, ఒక క్లోరిన్ మాత్రమే ఉన్నాయా?" అన్నారు. ఇంటికి వెళ్లి డబ్బాలోంచి ఒక రాయి తీసి చెంచా వెనకవైపుతో నొక్కాను. భూతద్దంలో చూస్తే ముక్కలకు కూడా చదునైన ముఖాలు, నిటారైన అంచులు కనిపించాయి. ఆ అమరికలోనే నా ప్రశ్నకు జవాబుంది. ఉప్పు స్ఫటికంలో ప్రతి సోడియం అయాన్ (ఎలక్ట్రాన్‌ను ఇచ్చి లేదా పుచ్చుకుని విద్యుదావేశం పొందిన పరమాణువు) చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉంటాయి. విడి అయాన్లు అలా జాలకంగా, అంటే క్రమమైన వలలా, కూడినప్పుడు మోల్‌కు సుమారు 787 కిలోజౌళ్లు వెలువడతాయి. అందులోంచి ఆ 147తో పాటు, సోడియం లోహాన్ని విడి పరమాణువులుగా మార్చడానికి 107, క్లోరిన్ అణువులను విడగొట్టడానికి 121 తీసేసినా దాదాపు 411 మిగులుతుంది. శాస్త్రవేత్తలు బోర్న్, హేబర్‌లు 1919లో చూపిన ఈ లెక్కను నా చేత్తో నేను పూర్తి చేసిన రాత్రి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఉప్పును నిలబెడుతున్నది ఎలక్ట్రాన్‌ను ఇచ్చేయాలన్న కోరిక కాదు, ఇచ్చిన తరువాత నలుదిక్కులా ఏర్పడే ఆకర్షణ, అంటే అయానిక బంధం. స్ఫటికంలో విడి జంటలంటూ లేవు కనుక "సోడియం క్లోరైడ్ అణువు" అని రాయడం ఆనాటి నుంచి మానేశాను.

అదే లెక్క హైడ్రోజన్‌కు వేసి చూశాను. ఒక హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి 1312 కావాలి, రెండోది దాన్ని తీసుకుంటే వచ్చేది 73. ఇంత లోటును పూడ్చడం అసాధ్యం కనుక అక్కడ వేరే మార్గం ఉండాలి. 1916లో రసాయన శాస్త్రవేత్త లూయిస్ చెప్పిన, రెండు పరమాణువులు పంచుకునే ఎలక్ట్రాన్ జంట ఆ మార్గమే. అయితే "పంచుకోవడం" అన్న మాట నన్ను మళ్లీ తప్పుదారి పట్టించింది, ఎందుకంటే నేను దాన్ని వంతులవారీ వాడకంగా ఊహించుకున్నాను. నిజానికి రెండు కేంద్రకాల నడుమ చేరిన ఎలక్ట్రాన్లను రెండూ ఒకేసారి ఆకర్షిస్తాయి. కేంద్రకాలు 74 పికోమీటర్ల దూరానికి వచ్చేసరికి శక్తి కనిష్ఠమవుతుంది, ఇంకా దగ్గరైతే వికర్షణ పెరుగుతుంది. అలా మోల్‌కు 436 కిలోజౌళ్లు వెలువడతాయి. ఇదే సమయోజనీయ బంధం.

మరొక పొరపాటు వంటింట్లో చేశాను. పెనం మీద పంచదార కరిగింది, ఉప్పు చిటపటలాడిందే తప్ప కరగలేదు. ఉప్పు కరగడానికి 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. దీన్నిబట్టి సమయోజనీయ బంధం బలహీనమని నోట్సులో రాసుకున్నాను. అది తప్పు. పంచదార కరిగేటప్పుడు సడలేది అణువుకూ అణువుకూ మధ్య ఉన్న ఆకర్షణ. అణువు లోపలి బంధాలు తెగడం గోధుమరంగుకు తిరిగేటప్పటి మాట.

ఈ మధ్య మా అక్క కూతురు, "లోహం, అలోహం కలిస్తే అయానిక బంధమే కదా మామయ్యా?" అని అడిగింది. సోడియం, క్లోరిన్‌ల రుణవిద్యుదాత్మకతల (బంధంలోని ఎలక్ట్రాన్లను తమ వైపు లాక్కునే శక్తుల) తేడా 2.23 అనీ, అల్యూమినియం, క్లోరిన్‌ల తేడా 1.55 మాత్రమేననీ, అందుకే సమయోజనీయ బంధం వైపు మొగ్గే అల్యూమినియం క్లోరైడ్ సుమారు 180 డిగ్రీల దగ్గరే ఆవిరై, ఆ ఆవిరిలో జంట అణువులుగా ఉంటుందనీ చెప్పాను. ఆమె తన నోట్సులో అయానిక, సమయోజనీయ అన్న రెండు గడుల మధ్య గీసుకున్న నిలువు గీతను చెరిపేసి, ఆ చోట అల్యూమినియం క్లోరైడ్ అని రాసుకుంది.